ప్రతి వాయిదాకీ ఒక వయసు

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

పోయిన నెల మీటింగ్ అయ్యాక మన సంఘంలోని ఒక చెల్లెమ్మ నన్ను ఆపింది. "సార్, పోస్టాఫీసులో నెలకు వెయ్యి చొప్పున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కడదామనుకుంటున్నా. ఐదేళ్లకు అరవై వేలు. 6.7 శాతం లెక్కన ఐదేళ్ల వడ్డీ 20,100. మొత్తం 80,100 చేతికొస్తాయి, పాప కాలేజీ ఫీజుకు పనికొస్తాయి" అంది. వచ్చేది 71,366 అని చెప్పగానే ముఖం వాడిపోయింది. "మిగతా డబ్బు ఎవరు తింటారు సార్?" అని అడిగింది.

ఎవరూ తినరు. కానీ ఆ ప్రశ్న అడగాల్సిందే. అందుకే ఇవాళ ఈ ఒక్క లెక్కే చేద్దాం.

మొదటి నెల కట్టిన వెయ్యి అరవై నెలలూ అక్కడ ఉంటుంది. రెండో నెల వెయ్యి 59 నెలలు. ఇలా తగ్గుతూ చివరి వెయ్యి ఉండేది ఒక్క నెలే. అరవై వేలూ మొదటి రోజే వేసి ఉంటే అన్నిటికీ ఐదేళ్ల వడ్డీ పడేది. మనం వేసింది నెలకింత చొప్పున కదా!

ఇప్పుడు అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది అంటూ ఒకటి దాకా కూడండి. మొదటిదీ చివరిదీ కలిపితే 61. అలాంటి జతలు ముప్పై. మొత్తం 1,830 నెలలు, అంటే 152న్నర ఏళ్లు. ఒక్క వెయ్యి రూపాయలు 152న్నర ఏళ్లు ఉన్నట్టు అనుకోండి. వెయ్యికి ఏడాది వడ్డీ 67 రూపాయలు. గుణిస్తే 10,217 రూపాయల 50 పైసలు. ఇది బారువడ్డీ. పోస్టాఫీసు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతుంది కాబట్టి ఆ చక్రవడ్డీ మీద ఇంకో 1,150 దాకా వస్తుంది. మొత్తం వడ్డీ 11,366. చెల్లెమ్మ లెక్కలో తేడా ఎక్కడొచ్చిందో తెలిసింది కదా.

ఈ 6.7 శాతం 2023 అక్టోబరులో వచ్చిన రేటు. ఖాతా తెరిచిన రోజు ఏ రేటు ఉంటే ఐదేళ్లూ అదే నడుస్తుంది.

మన ఊరి భాషలో చెప్పాలంటే ఇది నూటికి నెలకు 56 పైసల వడ్డీ కూడా కాదు. ఒక నెల వాయిదా తప్పితే మాత్రం నూటికి రూపాయి జరిమానా. వచ్చేది అర్ధరూపాయి పైచిలుకు, కట్టేది రూపాయి. బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉన్నవాళ్లయితే ఆర్‌డీ జోలికి పోకుండా ముందు ఆ అప్పు తీర్చండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నా.

అప్పు లేనివాళ్లు ఐదేళ్లు నిండగానే డబ్బు తీసేయకండి. ఖాతాను ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అదే వెయ్యి పదేళ్లు కడితే చేతికొచ్చేది 1,70,854. కట్టింది 1,20,000, వడ్డీ 50,854. అందులో మొదటి ఐదేళ్ల వాటా 11,366. రెండో ఐదేళ్ల వాటా 39,488! కట్టే వాయిదా మారలేదు, రేటూ మారలేదు. కొత్తగా కట్టిన అరవై వేలకు వచ్చింది మళ్లీ ఆ 11,366 మాత్రమే. మిగతా 28 వేల పైచిలుకు, అప్పటికే పోగుపడి ఉన్న 71,366 కదలకుండా కూర్చున్నందుకు వచ్చింది. నాకు ఈ లెక్క ఎప్పుడు వేసినా ఒళ్లు పులకరిస్తుంది.

పాస్‌బుక్కులు తెచ్చారు కదా, తీయండి. ప్రతి వాయిదా పక్కన అది ఇంకా ఎన్ని నెలలు ఉంటుందో పెన్సిల్‌తో రాయండి. నేను వరసగా ఒక్కొక్కరి దగ్గరకీ వస్తాను.