మా ఊరి నేల మీద ఒక రన్‌వే, మా ఇంటి కప్పు మీద ఇంకొకటి

(లండన్ శివారు హౌన్స్‌లోలో తెలుగువాళ్ల ఉగాది వేడుకలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకి, పొద్దున్నుంచి వంటగదిలోంచి బయటికి రాని అక్కలకి, వదినలకి, పచ్చడికి వేపపువ్వు ఇండియా నుంచి తెప్పించిన అన్నయ్యగారికి నా నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ నాకిచ్చింది పది నిమిషాలు. టాపిక్ ‘మా ఊరి ఉగాది’. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక పంచాంగ శ్రవణంలో పంతులుగారు ఆదాయం చెప్పి, వ్యయం చెప్పబోతూ ఆగిపోయారు, చూశారా? పైన విమానం పోయేదాకా ఆగారు. మళ్లీ మొదలుపెట్టి, ఇంకో రాశి చెప్పేలోపే మళ్లీ ఆగారు. మనలో ఒక్కరైనా తలెత్తి చూడలేదు. అంత అలవాటైపోయింది మనకి. అప్పుడే ఆ నాలుగు పేజీలు మడిచి జేబులో పెట్టేశాను.

నేను హౌన్స్‌లోకి వచ్చి 16 ఏళ్లు. పడమటి గాలి ఉన్న రోజుల్లో హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు మన మీదుగానే వస్తాయి. అక్కడున్న రెండు రన్‌వేల్లో దిగేదాన్ని మధ్యాహ్నం 3 గంటలకి మారుస్తారు కాబట్టి సగం రోజు మనకి మోత, సగం రోజు పక్కవాళ్లకి. మా అమ్మాయి పరీక్షలకి చదువుకోవాలంటే ఈ వారం మనకి ప్రశాంతం పొద్దునా, సాయంత్రమా అని ముందు చూసుకుంటుంది. కట్టాలంటున్న మూడో రన్‌వే వస్తే ఈ విరామం ఇంకా తగ్గుతుంది. ఇక్కడ ఒక చిన్నపిల్లల బడి ఆవరణలో మట్టి గోపురాలు కట్టారు, మీలో కొందరు చూసే ఉంటారు. భూకంపాలొచ్చే చోట్ల ఇళ్లకి వాడే పద్ధతిలో మట్టి నింపిన సంచుల్ని గుండ్రంగా పేర్చుకుంటూ పోయారు. చూడ్డానికి మన ధాన్యం గాదెల్లా ఉంటాయి. ఎందుకంటే ఆటస్థలంలో టీచరు చెప్పేది పిల్లలకి వినపడదు, ఆ గోపురంలోకి దూరితే వినపడుతుంది. అయిదేళ్ల పిల్లలు మాట వినడానికి మట్టి గూట్లోకి పోవాలి, ఆలోచించండి.

ఇప్పుడు హీత్రూలో ఏడాదికి 4,80,000 విమానాల రాకపోకలకి పరిమితి ఉంది. మూడో రన్‌వే కట్టి దాన్ని 7,56,000 చేస్తామంటున్నారు. లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు మీదుగా రన్‌వే, కోల్న్ లోయలో పారే చిన్న చిన్న నదుల్ని దారి మళ్లించడం, హార్మండ్స్‌వర్త్, లాంగ్‌ఫర్డ్ వైపు ఏడెనిమిది వందల ఇళ్లు తీసెయ్యడం, ఇవన్నీ ఆ ప్లాన్‌లో ఉన్నాయి. హార్మండ్స్‌వర్త్‌లో 15వ శతాబ్దంలో కట్టిన చెక్క గాదె ఒకటుంది, ఇప్పటికీ నిలబడే ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

అసలు హీత్రూ అంటే ఏంటో తెలుసా? అదొక ఊరి పేరు. లండన్‌కి కూరగాయలు, పళ్లు పంపిన నేల అది, చాలా సారవంతమైన నేల. 1944లో యుద్ధం పేరు చెప్పి, యుద్ధకాలపు అధికారాలతో, మామూలు విచారణ ఏదీ లేకుండా ఆ భూములు తీసుకున్నారు. 1946కల్లా అది పౌర విమానాశ్రయం అయిపోయింది. ఆనాటి విమానయాన శాఖ మంత్రుల్లో ఒకాయన చాలా ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నారు, మొదట్నుంచీ మా ఉద్దేశం పౌర విమానాశ్రయమే, యుద్ధం అవసరం అన్నది పైకి చెప్పిన మాట అని. ఊరు లేదు, రైతులు లేరు, పేరు మాత్రం ప్రపంచమంతా తెలుసు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

మాది విజయనగరం జిల్లా, భోగాపురం దగ్గర. అవును, ఎయిర్‌పోర్టు పేరుతో వినపడే ఆ భోగాపురమే. నాకిచ్చిన టాపిక్ ‘మా ఊరి ఉగాది’ కదా, సరే, ఉగాదే చెప్తాను. మా వైపు ఉగాది అంటే జీడిమామిడి పళ్లు రాలే కాలం. తోటలోకి అడుగు పెడితే పులిసిన తీపి వాసన, కాలికింద సరుగుడు ఆకు మెత్తగా. పిక్కలు పోగేసి ఎండుటాకు మంటలో కాల్చేవాళ్లం. జీడి చమురు తగిలి పెదాలు పొక్కిపోయేవి, అయినా మానేవాళ్లం కాదు. మా తోటకి సముద్రం కూతవేటు దూరం. కానీ మా నూతిలో నీళ్లు తియ్యగా ఉండేవి. ఇసక నేల కదా, వాన కురిస్తే కురిసినట్టే లోపలికి ఇంకుతుంది, ఇంకిన మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలి ఉంటాయి. పైనుంచి వాన ఇంకుతున్నంతకాలమే ఆ నూతులు బతికుంటాయి. ఆ నేల మీద కాంక్రీటు పోస్తే వాననీళ్లు కాలవలో పడి సముద్రంలోకి పోతాయి, కింద ఉప్పునీళ్లు పైకొస్తాయి. ఇది తెలియడానికి సైంటిస్టు అవక్కర్లేదు, మా నాన్న మూడో తరగతి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మా తోటలో సగం చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నేను ఇక్కడ టీవీ ముందు కూచుని ఫోన్ కలవక ఏడ్చాను. నాలుగో రోజు ఫోన్ కలిస్తే మా నాన్న అన్న మొదటి మాట, “పడ్డవి తీసేస్తాను, అంట్లు పాతుతాను, నువ్వేటీ బెంగెట్టుకోకు.” అన్నట్టే పాతారు. కుండలతో నీళ్లు మోసి బతికించారు.

ఏడాది తిరక్కుండానే ఎయిర్‌పోర్టుకి భూమి కావాలన్నారు. మొదట్లో వినపడిన లెక్క 15,000 ఎకరాలు. తర్వాత అయిదు వేల చిల్లర. తర్వాత 2,700. చివరికి 2,203. నేను ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంటాను ప్రతిసారీ, ఈ విషయం మీద ఎవరితో మాట్లాడినా. 15,000 కావాల్సిన చోట 2,203తో పనైపోతే, మొదట అడిగిన ఆ మిగతా ఎకరాలు ఎవరికోసం? ఆ మధ్యలో నిద్రల్లేకుండా గడిపిన కుటుంబాలకి ఎవరు సమాధానం చెప్పారు? జనం రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు, కాబట్టే తగ్గింది. ఊరికే తగ్గలేదు.

చెట్లు లెక్కపెట్టడానికి ఒకాయన వచ్చాడు. కుర్రాడే. ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు, అట్టకి క్లిప్పు పెట్టిన కాయితాలు. చెట్టుకో నంబరు వేసుకుంటూ వెళ్తున్నాడు. మా నాన్న చెంబుతో మంచినీళ్లు పట్టుకుని వెనకాలే తిరిగారు, ఎండన పడి వచ్చాడు పాపం అని. అంట్ల దగ్గరికొచ్చేసరికి ఆ కుర్రాడు రాయకుండా దాటిపోయాడు. “బాబూ, ఇవి కూడా రాసుకో, ఇంకో రెండేళ్లకి కాపుకొస్తాయి” అన్నారు మా నాన్న. “కాపుకొచ్చినవే రాయాలి తాతా” అన్నాడతను. అంతే. ఆ కుర్రాడి తప్పు కాదది, అతనికిచ్చిన కాయితంలో ఆ గడి లేదు. తుపాను తర్వాత మా నాన్న చేత్తో నీళ్లు పోసి బతికించిన ముప్ఫై ఒక్క అంట్లకి ఆ కాయితంలో గడి లేదు. నూతి లోతు టేపుతో కొలిచారు. నీళ్లు ఉప్పగా ఉన్నాయా తియ్యగా ఉన్నాయా అని రాసే గడి కూడా లేదు.

డబ్బు రాలేదని నేను అనను. వచ్చింది. మారడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు ఊళ్లే లేచిపోయాయి, వాళ్లతో పోలిస్తే మేం పోగొట్టుకున్నది తోట ఒక్కటే. ఇప్పుడు మా నాన్న విజయనగరంలో రెండో అంతస్తులో ఉంటున్నారు. జీడికొమ్మలు కొట్టే కత్తి కిటికీ ఊచకి తగిలించి ఉంటుంది. ఆదివారం వీడియో కాల్ చేస్తే ఆయన వెనకాల కనపడుతుంది. తుప్పు పట్టనివ్వరు, నూనె రాస్తారు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, ఒక్క అయిదు నిమిషాలు, దయచేసి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

రాజకీయం సంగతి. భోగాపురంలో 2015లో ప్రతిపక్ష నాయకుడిగా జగన్‌గారు వచ్చి రైతుల పక్షాన మాట్లాడారు. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబుగారు శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారింది. 2023 మే 3న అదే ఎయిర్‌పోర్టుకి జగన్‌గారు మళ్లీ శంకుస్థాపన చేశారు. ఒకే నేలకి రెండు శిలాఫలకాలు. ఇప్పుడు రెండు పార్టీల వాళ్లూ ఎయిర్‌పోర్టు మావల్లే వచ్చిందంటున్నారు, నూతులు ఏమయ్యాయి అని మాత్రం ఏ ఒక్కరూ అడగడం లేదు.

ఇక్కడ వేరుగా ఉంటుంది అనుకున్నాను, చదువుకున్న దేశం అని. లేదండీ. 2009 జనవరిలో లేబర్ ప్రభుత్వం మూడో రన్‌వేకి సరేనంది. అదే పార్టీ ఎంపీ, ఆ ఊళ్లు ఉన్న నియోజకవర్గం ఆయనదే, జాన్ మెక్‌డొనెల్, కోపం పట్టలేక సభలో రాజదండం ఎత్తి పక్క బెంచీ మీద పెట్టేసి సస్పెండయ్యారు. కన్సర్వేటివ్‌ల నాయకుడు కామెరాన్ కట్టనివ్వనే కట్టనివ్వం అన్నారు, 2010లో అధికారంలోకి వచ్చి ఆపేశారు. ఆరేళ్లకి అదే పార్టీ ప్రభుత్వం మళ్లీ కట్టాలంది. 2018 జూన్ 25న ఆ రన్‌వే పాలసీ పార్లమెంటులో 415–119 ఓట్లతో నెగ్గింది. బుల్డోజర్లకి అడ్డంగా పడుకుంటానన్న అప్పటి విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ ఆ రోజు ఓటింగ్‌లో లేరు, అఫ్గానిస్థాన్‌లో ఉన్నారు. ఆ రోజు వద్దని ఓటేసినవాళ్లలో, తర్వాత ప్రధాని అయిన కీర్ స్టార్మర్ ఒకరు. 2025 జనవరి 29న ఆయన ప్రభుత్వమే, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ నోటితో, మూడో రన్‌వే కావాలంది. మధ్యలో 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు పారిస్ వాతావరణ ఒప్పందాన్ని లెక్కలోకి తీసుకోలేదని ఆ పాలసీని తప్పుపట్టింది, అదే డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. 2050కల్లా నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలినంత కర్బనాన్నీ తిరిగి తీసేస్తాం, అని చట్టం చేసుకున్న దేశం ఇది. దేశంలో మొత్తం విమానాల పెరుగుదలకి ఒక పద్ధతంటూ పెట్టకుండా ఎయిర్‌పోర్టుల సామర్థ్యం పెంచొద్దని ప్రభుత్వానికి సలహా ఇచ్చే వాతావరణ కమిటీయే చెప్పింది.

మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు తెలుసు, వీడు మాత్రం విమానం ఎక్కడా అని. ఎక్కుతాను. మా నాన్నని చూడ్డానికి ఎక్కుతాను. మీలో చాలామందికి హీత్రూ అన్నం పెడుతోంది, కేటరింగ్‌లో, సెక్యూరిటీలో, కార్గోలో, టాక్సీల్లో. ఆ ఉద్యోగాలు పోవాలని నేను అనను, ఇప్పుడున్న రెండు రన్‌వేలు మూసెయ్యమనీ అనను. లక్ష ఉద్యోగాలొస్తాయంటున్నారు, రానీ, కానీ ఆ లెక్క రాసిన కాయితంలో మన పిల్లల నిద్రకి గడి ఉందా? రాత్రి 11:30 నుంచి పొద్దున 6 దాకా ఏడాదికి 5,800 విమానాలకి అనుమతి ఉంది, దాన్ని పెంచబోమని రాసిస్తారా? ఈ దేశంలో ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కనివాళ్లు దాదాపు సగం మంది ఉంటారు. వాళ్లలో మన వీధి చివర ఆక్సిజన్ పెట్టుకుని పడుకునే పెద్దావిడ కూడా ఉంది. ఆవిడ గడి ఏది?

మా నాన్న ఆ రోజు ఆ కుర్రాడితో గొడవ పడలేదు. కాయితంలో గడి లేదంటే నమ్మి ఊరుకున్నారు. నేను ఇక్కడ ఊరుకోదలచుకోలేదు, అందుకే పండగపూట మీ టైమ్ తీసుకున్నాను. విమానాశ్రయాల పాలసీని ప్రభుత్వం తిరగరాస్తోంది. జనం అభిప్రాయం అడిగే దశ అందులో ఉంటుంది. ఇంగ్లీషు బాగా రాదని ఆగొద్దు, తెలుగులో చెప్పండి, నేను రాసిపెడతాను, మా అమ్మాయి టైప్ చేస్తుంది. వద్దనే రాయాలని లేదు. కావాలనుకుంటే కావాలని రాయండి, కానీ మీ ఇంటి సంగతి రాయండి. పొద్దున ఎన్నింటికి మెలకువ వస్తోంది, బాబుకి ఇన్హేలర్ ఎప్పుడు మొదలైంది, తోటలో కూచుని ఫోన్‌లో మాట్లాడితే అవతల అమ్మకి వినపడుతుందా లేదా, ఇవే రాయండి.

తలుపు పక్కన బల్ల మీద కాయితాలు, పెన్నులు పెట్టాను. పేరు, పోస్ట్‌కోడ్, రెండు లైన్లు చాలు. పోస్ట్‌కోడ్ మాత్రం మర్చిపోవద్దు, అది లేకపోతే ఇక్కడివాళ్లం అని తెలియదు. భోజనాలకి లేవమంటున్నారు, పులిహోర చల్లారిపోతుందట. ఉంటానండీ, నమస్కారం.