ఫోన్-ఇన్: ఇంజనీరింగ్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ డౌట్లు

యాంకర్: నమస్కారం, విజయవాడ స్టూడియో నుంచి ఇవాళ్టి ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పిల్లల ఫీజు గవర్నమెంటే కట్టే పథకం గురించి, డబ్బుల్లేక పిల్లల చదువు ఆగకుండా ఏం చేయాలో చెప్పడానికి రిటైర్డ్ లెక్చరర్ సార్ మనతో ఉన్నారు. ఫస్ట్ కాలర్, చెప్పండమ్మా.

కాలర్ (గుంటూరు): హలో... వినపడతందా అండీ?

యాంకర్: వినపడుతోందమ్మా, టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించా. మా ఆయన మిర్చి యార్డులో హమాలీ అండీ, నేను కాయలకి తొడాలు తీసే పనికి పోతా, సీజన్ అయిపోయిందిగా ఇప్పుడు అదీ లేదు, మా పెద్దమ్మాయికి ఎంసెట్‌లో ర్యాంకొచ్చింది, బీసీ-బీ మేము, ఒక కాలేజీ పీఆర్వో ఇంటికే వచ్చాడండీ, మంచిగా మాట్లాడాడు, సీటు మేమే ఇప్పిస్తాం అని టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ పట్టుకుపోయాడు, పదివేలు కూడా కట్టాం, వడ్డీకి తెచ్చి. రీయింబర్స్‌మెంట్ కూడా మేమే చూసుకుంటాం అన్నాడు. వచ్చిద్దా అండీ మరి?

సార్: ఆగండమ్మా. కౌన్సెలింగ్ అయిందా?

కాలర్: ఇంకా మొదలవలేదంటండీ.

సార్: మరి కౌన్సెలింగే కాకుండా సీటెట్లా వచ్చిందమ్మా? అది మేనేజ్‌మెంట్ కోటా, కాలేజీ వాళ్ళు సొంతంగా ఇచ్చుకునే సీటు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే గవర్నమెంటు కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి ఇచ్చేవి, 30 శాతం మేనేజ్‌మెంట్. కౌన్సెలింగ్‌లో, కన్వీనర్ కోటాలో వస్తేనే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్‌లో చేరినా, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకి పెట్టే స్పాట్‌లో చేరినా రూపాయి రాదు. మీ బీసీ-బీ 10 శాతం రిజర్వేషన్ కూడా కన్వీనర్ కోటాలోనే పనికొస్తుంది. సంతకం పెట్టేముందు ఏ కోటానో అడగండని ప్రతి ప్రోగ్రాంలో మొత్తుకుంటున్నా.

కాలర్: మాకేం తెలుసండీ, చదువుకున్నోళ్ళం కాదు. మా తోడికోడలు కొడుకు కూడా అక్కడే చేరాడు, వాళ్ళకేం ఇబ్బంది లేదు, బస్సు కూడా ఇంటి ముందుకే వచ్చిద్ది...

సార్: బస్సు సంగతి తర్వాతమ్మా. రేపు పొద్దున్నే మీ ఆయన్ని తీసుకుని వెళ్ళి ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఇయ్యకపోతే రాతపూర్వకంగా అడగండి, ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ, అంటే యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, చెప్పింది. తర్వాత కౌన్సెలింగ్ ప్రాసెసింగ్ ఫీజు, మీకు 1200, ఎస్సీ ఎస్టీలకైతే 600. ఇన్‌కమ్‌కి మీ రేషన్ కార్డు చాలు, క్యాస్ట్ సర్టిఫికెట్ లేకపోతే మీ వార్డు సచివాలయంలో అప్లై చేయండి. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్లో ఇచ్చే లిస్టు, అమ్మాయే పెట్టుకోవాలి. పాస్‌వర్డు, ఓటీపీ పీఆర్వోకీ ఇవ్వొద్దు, నెట్ సెంటర్ వాళ్ళకీ ఇవ్వొద్దు, వాళ్ళకి నచ్చిన కాలేజీ ఒక్కటే పెట్టి లాక్ చేసేస్తారు.

కాలర్: సరేనండీ. మరి రీయింబర్స్‌మెంట్ వచ్చిద్దా?

సార్: (కాస్త గట్టిగా) అమ్మా, అదేగా ఇందాకట్నుంచీ చెప్తున్నా! కన్వీనర్ కోటాలో వస్తే వస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, అమ్మాయి అటెండెన్స్ 75 శాతం తగ్గకూడదు.

కాలర్: తిట్టమాకండి సార్, భయమేసి రెండుసార్లు అడిగా. పదివేలు పోయినట్టేనా?

సార్: తిట్టట్లేదమ్మా. మీలాంటోళ్ళు అప్పు తెచ్చి కట్టడం ఏటా చూస్తున్నా, కడుపు మండి గట్టిగా అన్నా. రసీదు ఉందా?

కాలర్: తెల్ల కాయితం మీద రాసిచ్చాడండీ.

సార్: అదైనా జాగ్రత్తగా పెట్టి వెనక్కి అడగండి. పదివేల కోసం నాలుగేళ్ళ ఫీజు నెత్తిన వేసుకోవద్దు. ఇంకోటి, సీటు అలాట్ అయ్యాక సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి కాలేజీకి కూడా వెళ్ళి రిపోర్ట్ చేయాలి, రెంట్లో ఏది మానేసినా సీటు పోతుంది. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా రాయించండి.

కాలర్: రాసుకుంటందండీ, పక్కనే ఉంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్, కొండపల్లి నుంచి.

కాలర్: సార్, నాకు నిట్‌లో, అదే కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలో, సీటొచ్చింది, ఎస్సీ, ఫీజు కట్టడానికి డబ్బుల్లేవు.

సార్: శభాష్ బాబూ! ఎస్సీ పిల్లలకి నిట్‌లో ట్యూషన్ ఫీజు ఉండదు. హాస్టల్, మెస్ ఖర్చుకి పీఎం విద్యాలక్ష్మి అని చదువు లోను ఉంది, 2024 నవంబర్లో కేంద్రం ఓకే చేసింది, ష్యూరిటీ అడగరు. కానీ సీటు యాక్సెప్టెన్స్ ఫీజుకి లోను దాకా ఆగొద్దు, ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని గడువులోపు కట్టేయ్. యూపీ కుర్రాడు అతుల్ కుమార్, వాళ్ళ నాన్న రోజుకూలీ, 17,500 టైముకి కట్టలేక ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకున్నాడు. 2024 సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు సీటిమ్మంది కాబట్టి సరిపోయింది. పేదపిల్లోడు సీటు కోసం ఢిల్లీ దాకా వెళ్ళాల్సిన పరిస్థితి ఉండకూడదు అసలు. నువ్వు ఇవాళే కట్టు.

యాంకర్: ఆల్ ద బెస్ట్. సత్తెనపల్లి నుంచి కాలర్.

కాలర్: మా పాప జడ్పీ హైస్కూల్లో టెన్త్ పాసైందండీ, నూజివీడు ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ రాయాలా?

సార్: అక్కర్లేదు, టెన్త్ మార్కులే. గవర్నమెంట్ స్కూలు పిల్లలకి 4 శాతం కలుపుతారు కూడా. తప్పకుండా అప్లికేషన్ పెట్టించండి.

యాంకర్: తెనాలి నుంచి ఆఖరి కాలర్, త్వరగా అడగండి.

కాలర్: సార్, బీటెక్ అయిపోయింది, రీయింబర్స్‌మెంట్ డబ్బులు గవర్నమెంటు నుంచి రాలేదని కాలేజీలో సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు, నన్నే కట్టమంటున్నారు, జాబ్ జాయినింగ్ ఉంది...

సార్: రీయింబర్స్‌మెంట్ బకాయికి పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకోవడం అన్యాయం బాబూ. ప్రిన్సిపాల్‌కి లెటరిచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకో, ఆ కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వు. ఒక్కడివే వెళ్ళొద్దు, ఇంకెంతమందికి ఆపారో కనుక్కుని అందరూ కలిసి వెళ్ళండి.

కాలర్: సరే సార్, ఇంకొక్క విషయం...

యాంకర్: సారీ అండీ, టైమ్ అయిపోయింది. మీ నంబర్ ఉంది మా దగ్గర, ప్రోగ్రాం అవ్వగానే సార్ మాట్లాడతారు. నమస్కారం.