నశ్యం డబ్బీ మూత మీది బొమ్మ: కొనేముందు ఏం చూడాలి

అందరికీ నమస్కారం.

పాత ఇంగ్లండు వెండి నశ్యం డబ్బీ చేతికి రాగానే కళ్లు మూత మీది ముఖచిత్రం మీదికే పోతాయి. ముందు డబ్బీని తిప్పి చూడండి. సాదా మూతకు కన్నం కోసి, ఎక్కడిదో పాత బొమ్మను అందులో బిగించి అమ్మడం ఈ సరుకులో మామూలే. రెండూ అసలువే, జత మాత్రం అబద్ధం.

మూత తెరవండి. నడిచే సింహం ముద్ర ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. లంగరు ముద్ర బర్మింగ్‌హామ్‌ది, అక్కడ వెండి నాణ్యత చూసి ముద్ర వేసే పరీక్షాలయం 1773లో మొదలైంది, లంగరున్న డబ్బీ అంతకుముందుదని ఎవరైనా చెబితే నమ్మకండి. రాజు లేదా రాణి తల ముద్ర పన్ను కట్టినందుకు వేసేది, 1784 నుంచి 1890 దాకా. అడుగుభాగంలో పూర్తి ముద్రలుండి మూతకు ఒక్కటీ లేకపోతే మూత మారిందేమోనని అనుమానించాలి. వెండి మీద నోటితో ఆవిరి ఊదితే మాటు వేసిన చోటు గీతలా తేలుతుంది. నశ్యానికి వెండి చెడకుండా లోపల బంగారు పూత వేసేవారు. పాత పూత అంచుల్లో అరిగి ఉండాలి. మొత్తం కొత్తగా మెరుస్తుంటే కింద ఏదో మరమ్మతు దాగి ఉండవచ్చు.

ఇక బొమ్మ. దంతపు రేకు మీద నీటిరంగులతో వేయడాన్ని 1700 ప్రాంతంలో వెనిస్‌లో వ్యాప్తిలోకి తెచ్చిన చిత్రకారిణి రొసాల్బా కారియేరా. ఆమె నశ్యం డబ్బీల మూతలకే బొమ్మలు వేస్తూ ఎదిగింది. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో బుగ్గల దగ్గర చూడండి. కుంచె గీతలు, సన్నని చుక్కలు చేతిపనికి గుర్తు. ఒకే వరసలో సమానంగా పేర్చినట్టు చుక్కలుంటే అది అచ్చు.

దంతం తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుంటుంది. వెనక అట్టకు అంటించి ఉండటం వల్ల కదలడానికి చోటు లేక, పోగు వెంబడి చీలుతుంది. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల్లో, ఎగుడుదిగుడులు లేకుండా ఉంచండి. బొమ్మ మీద కప్పిన అద్దం లోపలివైపు సన్నటి బిందువులు కనిపిస్తే గాజు క్షారం కారుతోందని అర్థం. అది రంగును తినేస్తుంది. వెంటనే నిపుణులకు ఇవ్వండి, మీరు విప్పవద్దు. రంగులో కలిపింది బంక, తడి తగిలితే కరిగిపోతుంది. అందుకే ఇలాంటి డబ్బీని వెండి మెరుగు ద్రావణంలో ముంచడం ఘోరమైన తప్పు. మెత్తటి పొడిగుడ్డ చాలు, అదీ చట్రానికి దూరంగా. ఎండ తగిలితే ముందు పోయేది బుగ్గల ఎరుపే.

చట్టం సంగతి. బ్రిటన్‌లో 1918కి ముందువై, 320 చదరపు సెంటీమీటర్లు మించని దంతపు ముఖచిత్రాలను నమోదు చేయించి అమ్ముకోవచ్చు. మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం. లండన్‌లో కొని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకుందామనుకునేవారు దంతపు బొమ్మ జోలికి పోవద్దు.

వారికి నేను చెప్పేది ఎనామెల్ ముఖచిత్రం. రాగిరేకు మీద గాజుపొడి రంగులు వేసి కొలిమిలో కాల్చినది కాబట్టి వెలిసిపోదు. పద్దెనిమిదో శతాబ్దపు ఎనామెల్ చిత్రకారుడు జింకే లండన్‌లో చేసిన పని ఈ కోవలోనిదే. కింద పడితే మాత్రం పెచ్చులూడుతుంది. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి: అతికి రంగేసిన చోటు కాల్చిన పూతలా మెరవదు.