మార్చి 31న చెరువులో రొయ్య ఎంత?

(భీమవరం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: చార్టర్డ్ అకౌంటెంట్ అయిన ఆడిటర్, ఆక్వా రంగంలో లెక్కలు చూసే ఫైనాన్స్ హెడ్, బ్యాంకు క్రెడిట్ అధికారి.)

వ్యాఖ్యాత: నమస్కారమండి. కౌలు చెరువులు, ప్రాసెసింగ్ ప్లాంటు, అమెరికా ఎగుమతి అన్నీ ఒక్క కంపెనీలోనే ఉన్నాయనుకుందాం. చెరువు అదే, రొయ్య అదే, కొనేవాడూ అతనే. అయినా లెక్కల ప్రమాణం మారితే లాభం మారిపోతుందంటారు. అదెలాగండి?

ఆడిటర్: ముందు ఈ ప్రమాణాలు ఎవరికి వర్తిస్తాయో చెప్పుకోవాలండి. నెట్‌వర్త్ 500 కోట్లు దాటిన కంపెనీలకు ఇండ్ ఏఎస్, అంటే కొత్త భారతీయ లెక్కల ప్రమాణాలు, 2016 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. మరుసటి ఏడాది మిగతా లిస్టెడ్ కంపెనీలు, 250 కోట్లు దాటిన అన్‌లిస్టెడ్ కంపెనీలు చేరాయి. చిన్న కంపెనీల కోసం ఉన్న ఎస్‌ఎంఈ ఎక్స్ఛేంజ్‌లో ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ఒకసారి ఇందులోకి వచ్చాక మళ్లీ వెనక్కి పోవడం ఉండదు. 2018లో అమ్మకాలకు 115వ నంబరు ప్రమాణం, 2019లో లీజులకు 116 వచ్చాయి. ఆక్వా కంపెనీకి గట్టిగా తగిలింది 116, దానితోపాటు మొదటినుంచీ ఉన్న వ్యవసాయ ప్రమాణం 41.

వ్యాఖ్యాత: లీజంటే మన కౌలే కదా?

ఫైనాన్స్ హెడ్: కౌలేనండి. ఇదివరకు ఏడాదికి ఎంత కట్టామో అంతా ఖర్చులో రాసేస్తే అయిపోయేది. ఇప్పుడలా కుదరదు. లెక్క కోసం 200 ఎకరాలు, ఎకరానికి లక్ష, 5 ఏళ్ల ఒప్పందం అనుకోండి. ఏటా 2 కోట్లు. మన దగ్గర కౌలు ముందే కడతారు, అంటే ఏప్రిల్ 1నే మొదటి 2 కోట్లు వెళ్లిపోతాయి. మిగిలిన 4 కిస్తీలను 9 శాతం వడ్డీతో నేటి విలువకు తెస్తే 6 కోట్ల 48 లక్షలు. అది అప్పు. మొదటి కిస్తీ కలిపితే 8 కోట్ల 48 లక్షలు, అది చెరువు వాడుకునే హక్కు కింద ఆస్తి. దాన్ని 5 ఏళ్లకు పంచితే ఏటా తరుగుదల కోటీ 70 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 58 లక్షలు. రెండూ కలిపి 2 కోట్ల 28 లక్షలు.

వ్యాఖ్యాత: కట్టింది 2 కోట్లే, ఖర్చు 28 లక్షలు ఎక్కువ!

ఫైనాన్స్ హెడ్: మొదటి ఏడాది అంతేనండి. ఆఖరి ఏడాదికి వడ్డీ ఉండదు, కోటీ 70 లక్షలతో సరి. 5 ఏళ్లకు కలిపితే మళ్లీ 10 కోట్లే. కానీ కొత్తగా చెరువులు తీసుకుంటూ పోయే కంపెనీకి ఎప్పుడూ మొదటి ఏడాదే నడుస్తున్నట్టు ఉంటుంది.

ఆడిటర్: అసలు తగాదా 11 నెలల అగ్రిమెంటు దగ్గర వస్తుంది. చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. 12 నెలల లోపు లీజుకు 116లో మినహాయింపు ఉంది కనుక పాత పద్ధతే చాలంటారు. కాగితం మీది గడువు ఒక్కటే చూస్తే చాలదండి. రెండు పక్షాలూ చెప్పుకోదగ్గ నష్టం లేకుండా తప్పుకోగలిగితేనే లీజు అక్కడితో ముగిసినట్టు. కంపెనీ గట్లు పోయించి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించి, బోరు దింపిందనుకోండి. అంత పెట్టుబడి వదిలేసి 11 నెలలకే లేచిపోతుందా? ఆ వదులుకునే పెట్టుబడి కూడా నష్టం కిందే లెక్క. అందుకని నేను అగ్రిమెంటుతోపాటు చెరువు మీద పెట్టిన ఖర్చు జాబితా కూడా అడుగుతాను.

ఫైనాన్స్ హెడ్: తప్పులన్నీ అక్కడే దొరుకుతాయండి. సగం అగ్రిమెంట్లు హెడ్డాఫీసులో ఉండవు, ఫారం దగ్గర ఫైల్లో ఉంటాయి. కొన్ని తెల్లకాగితం మీద. ఉండి ఊళ్లో ఒకటి, కాళ్ళ ఊళ్లో ఒకటి, ఒకదానికి కౌలు పెంపు క్లాజు ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. సాఫ్ట్‌వేర్ కొనడం తేలికే, దాన్లో ఎక్కించే తేదీలు సరిగా పట్టుకురావడమే కష్టం.

వ్యాఖ్యాత: బ్యాంకుకి ఇదంతా ఎలా కనబడుతుందండి?

బ్యాంకు అధికారి: ముందు తియ్యగా కనబడుతుంది. కౌలు 2 కోట్లు ఖర్చులోంచి తప్పుకుని తరుగుదల, వడ్డీ కిందికి పోయాయి కదా, ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, 20 కోట్లుంటే 22 అయింది. వ్యాపారం ఒక్క రూపాయి కూడా పెరగలేదు. ఇప్పుడు రెండో వైపు చూడండి. పాత అప్పు 50 కోట్లు, ఎబిటా 20, నిష్పత్తి 2.5. లోన్ షరతు కూడా 2.5 దాటకూడదని. కొత్త లెక్కలో మార్చి 31న కౌలు అప్పు ఎంత? 6.48 కాదు, దాని మీద వడ్డీ కలిసి 7.06 కోట్లు.

ఫైనాన్స్ హెడ్: రెండో కిస్తీ ఏప్రిల్ 1న కదా. ఒక్కరోజు తేడా.

బ్యాంకు అధికారి: ఆ ఒక్కరోజే. 57.06ని 22తో భాగిస్తే 2.59. షరతు తప్పినట్టే. అందుకే శాంక్షన్ లెటర్‌లో నిష్పత్తి ఏ ప్రమాణం ప్రకారం లెక్కించాలో ముందే రాయించుకోమంటాను. 'లోన్ ఇచ్చిన నాటి లెక్కల పద్ధతి ప్రకారం' అన్న ఒక్క ముక్క చాలు. ఆడిటర్ సంతకం అయ్యాక సడలింపు కోసం వస్తే మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

వ్యాఖ్యాత: ఇక రొయ్య సంగతి. నీళ్లలో ఉన్నదానికి విలువ కట్టడమేమిటండి, కంటికే కనబడదు!

ఆడిటర్: పాత ప్రమాణాల్లో వ్యవసాయానికి విడిగా ఏమీ లేదు, చాలామంది పెట్టిన ఖర్చు దగ్గరే చూపేవారు. 41 ప్రకారం బతికున్న రొయ్యను సరసమైన విలువలోంచి, అంటే ఆ రోజు మార్కెట్లో పలికే విలువలోంచి, అమ్మకపు ఖర్చులు తీసేసి చూపాలి. పెరిగిన తేడా ఆ ఏడాది లాభంలోకే వస్తుంది, పట్టుబడి కాకపోయినా, అంటే రొయ్యను ఇంకా పట్టకపోయినా సరే.

ఫైనాన్స్ హెడ్: ఒక చెరువు చెప్తానండి, అంకెలు ఉదాహరణకే. రెండెకరాలు, వనామీ రకం సీడ్, అంటే రొయ్య పిల్లలు, 3 లక్షలు. మార్చి ఆఖరుకి 70 రోజులు. విసురు వల నాలుగైదు చోట్ల వేసి, పడినవి తూచి లెక్కపెడతారు. సగటు 12.5 గ్రాములు వచ్చింది, అంటే 80 కౌంటు, కిలోకి 80 రొయ్యలు. బతుకుబడి 80 శాతం అని ఫారం మేనేజరు చెప్తే 2 లక్షల 40 వేల రొయ్యలు, 3,000 కిలోలు. కిలో 270 అనుకుంటే 8 లక్షల 10 వేలు. అప్పటిదాకా పెట్టింది 6 లక్షలైతే, రవాణా, కమీషన్ పోను మిగిలేదంతా అమ్మకుండానే లాభం.

ఆడిటర్: కౌంటు వలలో కనబడుతుంది, బతుకుబడి కనబడదు. అది నోటిమాట. అందుకే మేత రిజిస్టర్ తీయమంటాను. 1.3 ఎఫ్‌సీఆర్‌తో, అంటే కిలో రొయ్యకి 1.3 కిలోల మేత చొప్పున, 3,000 కిలోలు రావాలంటే 3,900 కిలోల మేత పడాలి. రిజిస్టర్‌లో 3,400 ఉంటే చెరువులో ఉన్నది 2,615 కిలోలే, అంటే బతుకుబడి 70 శాతం దగ్గరకొచ్చింది. లక్షకు పైగా తేడా. ఇలాంటి చెరువులు వందుంటే కోటి రూపాయల లాభం నోటిమాట మీద నిలబడ్డట్టు.

వ్యాఖ్యాత: చిన్న రొయ్య పిల్లకి రేటే ఉండదు కదా?

ఆడిటర్: ఉండదండి. 15, 20 రోజుల సీడ్ పెద్దగా పెరగలేదు కాబట్టి ఖర్చే విలువకు దగ్గరగా తీసుకోవచ్చు, ప్రమాణం ఒప్పుకుంటుంది. ఇంకో మెలిక ఉంది. ఏప్రిల్ 10న పట్టుబడి చేస్తే బతుకుబడి 65 శాతమే తేలింది, ఆ చావులు మార్చిలోనివే. అప్పుడు మార్చి లెక్క దిద్దాలి. అదే ఏప్రిల్‌లో రేటు పడినా, ఏప్రిల్ 5న వైట్‌స్పాట్ రోగం కొత్తగా తగిలినా మార్చి అంకె ముట్టుకోకూడదు, పెద్దదైతే నోట్‌లో చెప్పాలి.

వ్యాఖ్యాత: అమ్మకుండా వచ్చిన లాభం మీద డివిడెండ్ పంచేస్తే?

ఆడిటర్: కుదరదు. కంపెనీల చట్టం 123వ సెక్షన్ ఆ కాగితపు లాభాన్ని తీసేసే లెక్క చూడమంటుంది.

ఫైనాన్స్ హెడ్: రైతుకి సీడ్, మేత ఇచ్చి కౌంటు రేటుకి కొనే పద్ధతిలో రొయ్య రైతుదే. కంపెనీకి అది అడ్వాన్సు. నష్టం కూడా కంపెనీదే అని రాసుకుంటే మాత్రం కథ మారుతుంది.

వ్యాఖ్యాత: కోనసీమ కొబ్బరికీ ఇంతేనా?

ఆడిటర్: చెట్టు కాదండి. కొబ్బరి చెట్టు ఏళ్ల తరబడి కాపు కాసేది, దాన్ని యంత్రంలా ఖర్చు మీద పెట్టి తరుగుదల తీయాలి. దాని మీద పెరుగుతున్న కాయ మాత్రం 41 కిందే. కడియం నర్సరీ కంపెనీ అయితే అమ్మకానికి పెంచే మొక్క మొత్తం 41 కిందకే వస్తుంది.

వ్యాఖ్యాత: ఎగుమతి అమ్మకం ఎప్పుడు రాయాలి?

ఫైనాన్స్ హెడ్: ఇన్వాయిస్ తేదీ మర్చిపోవాలి. సీఐఎఫ్, అంటే ఓడ రవాణా, బీమా మనం కట్టే ఒప్పందం అయితే సరుకు ఓడెక్కినప్పుడు, ఓడవాళ్లిచ్చే రసీదు, అదే బిల్ ఆఫ్ లేడింగ్ తేదీకి. ఓడెక్కాక సాగే రవాణా విడి సేవ, దాని ఆదాయం ప్రయాణమంతా పంచాలి. మార్చి 20న కదిలిన ఓడకి 30 రోజులు పడితే 11 రోజులదే ఈ ఏడాది. డీడీపీ, అంటే సుంకం కూడా కట్టి కొనేవాడి చోటికి చేర్చే ఒప్పందం అయితే అక్కడ కొనేవాడికి అప్పగించేదాకా అమ్మకమే లేదు, సముద్రం మీదున్న కంటైనర్లన్నీ మన స్టాకే. అప్పగింత దాకా ఆగాల్సిన సరుకుని ముందే అమ్మకంలో రాసేయడం ఏటా కనబడే తప్పు.

వ్యాఖ్యాత: ముందు ముందు ఇంకా ఏమైనా ఉందా?

ఆడిటర్: అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 ఉంది, 2024 ఏప్రిల్‌లో వచ్చింది, బయటి దేశాల్లో 2027 జనవరి 1 నుంచి అమలు. మన దగ్గర ఇండ్ ఏఎస్ 118 పేరుతో ముసాయిదా వచ్చింది. విలువ కట్టే పద్ధతి మారదు, లాభనష్టాల పట్టిక రూపం మారుతుంది. నిర్వహణ, పెట్టుబడి, ఫైనాన్సింగ్ అని విడగొట్టాలి. ఎఫ్‌డీ వడ్డీ ఎంత తెచ్చినా నిర్వహణ లాభంలోకి రాదు. ఎగుమతి బాకీ మీద డాలరు తేడా మాత్రం నిర్వహణలోనే.

బ్యాంకు అధికారి: ఇన్వెస్టర్లకు చూపించే 'సర్దుబాటు ఎబిటా' కూడా నోట్‌లో లెక్కతో రావాలి కదా?

ఆడిటర్: రావాలి. ఆడిట్ కిందకే వస్తుంది. పోలిక కోసం ముందు ఏడాదిని కూడా అదే రూపంలోకి మార్చాలి కాబట్టి ఖాతాల పట్టిక ఒక ఏడాది ముందే దిద్దుకోవాలి.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. వల ఎప్పుడు వేయాలి, సరిగ్గా 31వ తేదీనేనా?

ఫైనాన్స్ హెడ్: అమావాస్య, పౌర్ణమి చూసుకోండి. అప్పుడు రొయ్య పొట్టు విడుస్తుంది, మేత తగ్గిస్తుంది, మెత్తటిది ఎక్కువ పడుతుంది. మెత్తటిదానికి రేటు కోస్తారు.

ఆడిటర్: అలాగైతే 27నో 28నో వల వేసి, మిగిలిన రోజుల ఎదుగుదల, మేత కలిపి 31కి తేవచ్చు. ఆ రోజు గట్టు మీద మా మనిషి ఒకడుండాలి, తూకం చీటీ మీద సంతకం పెట్టడానికి.

ఫైనాన్స్ హెడ్: తెల్లవారుజామున రమ్మనండి, ఎండెక్కాక వల వేయనివ్వరు.