పేజీతో ప్రయాణించని సర్వీసు

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు వదిలేసి రుషికొండ ఎక్కి, జావా మాటలు వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు 2004లో మార్టిన్ ఫౌలర్ వ్యాసంతో స్థిరపడింది. క్లాసు తనకు కావలసినదాన్ని తానే తయారుచేసుకోకుండా బయటినుంచి అందుకోవడం. మీకు తెలిసిందే, దాని మీద ఆగను.

చిక్కంతా అపాచీ వికెట్ పేజీల దగ్గర. వికెట్ అంటే జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్. స్ప్రింగ్ అంటే ఆబ్జెక్టులను తన కంటెయినర్‌లో పుట్టించి, ఒకదానికొకటి అందించే ఫ్రేమ్‌వర్క్. స్ప్రింగ్ కంట్రోలర్‌ను కంటెయినరే పుట్టిస్తుంది, దానికి కావలసిన సర్వీసునూ (అసలు పని చేసే ఆబ్జెక్టును) కంటెయినరే అందిస్తుంది. వికెట్ పేజీని వికెట్ పుట్టిస్తుంది, లేదా మనమే ‘న్యూ’ అని రాస్తాం. స్ప్రింగ్‌కు ఆ కబురే తెలియదు. పైగా యూజర్ బ్యాక్ నొక్కితే పాత పేజీ దొరకాలి కదా, అందుకని వికెట్ దాన్ని సీరియలైజ్ చేసి, అంటే బైట్ల వరుసగా మార్చి, డిస్కులో దాస్తుంది. పేజీలో అసలు సర్వీసే కూర్చుని ఉంటే? దాని వెనక డేటాబేస్ కనెక్షన్ల పూల్, దాని వెనక ఇంకేవో. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. చివరికి సీరియలైజ్ కాలేదని ఎర్రర్.

మన విశాఖ హార్బరు చూడండి. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇన్నర్ హార్బరుకు వెళ్లే దారి ఇరుకు. దారి తెలిసిన పైలట్ కావాలి. కానీ ఆయన ఓడతోపాటు సముద్రాలు దాటి రాడు. ఓడ ఇక్కడికొచ్చి రేడియోలో పిలిస్తే, పడవలో వెళ్లి ఎక్కుతాడు. ‘స్ప్రింగ్‌బీన్’ అనొటేషన్ (ఫీల్డు మీద రాసే గుర్తు) పేజీలో పెట్టేది ఆ రేడియోనే, అంటే చిన్న ప్రాక్సీని, అసలు సర్వీసు బదులు నిలబడే ప్రతినిధిని. పేజీతోపాటు డిస్కుకు వెళ్లేది సర్వీసు కాదు, ప్రాక్సీ ఒక్కటే. పేజీ తిరిగొచ్చాక మొదటి పిలుపుకే అది అసలు సర్వీసును వెతికి పట్టుకుంటుంది.

దీనికి అప్లికేషన్ ‘ఇనిట్’ మెథడ్‌లో ‘స్ప్రింగ్‌కాంపొనెంట్‌ఇంజెక్టర్’ను ఒక్కసారి లిజనర్‌గా చేర్చితే చాలు. కాంపొనెంటు, అంటే పేజీ గానీ దానిలోని భాగం గానీ, పుట్టినప్పుడల్లా దానికి కబురు అందుతుంది.

ఒక్క జాగ్రత్త. ‘స్ప్రింగ్‌బీన్’ పెట్టిన ఫీల్డు పక్కన ‘ఈక్వల్స్ నల్’ (ఖాళీ విలువ) అని రాయకండి. ఇంజెక్షన్ జరిగేది మాతృక్లాసు కన్‌స్ట్రక్టర్‌లో. మన ఫీల్డుల తొలి విలువలు పడేది ఆ తర్వాత. అందిన ప్రాక్సీని మన చేత్తోనే చెరిపేసినట్టు. అలవాటుగా రాసిన ఆ ఒక్క మాటతో మా టీమ్ రెండు రోజులు పోగొట్టుకుంది. నల్ పాయింటర్ ఎర్రర్ కనిపిస్తోంది, కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

మోడళ్లు, అంటే పేజీ చూపే డేటాను పట్టుకునేవి, కాంపొనెంట్లు కావు, వాటికి ఈ ఇంజెక్షన్ దానంతటది జరగదు. కన్‌స్ట్రక్టర్‌లో ఇంజెక్టర్‌ను మనమే పిలవాలి. ఆ కోడు ఇప్పుడు తెర మీద రాసి చూపిస్తాను.