సింహం వదిలేశాక

శ్రోతలకు నమస్కారం.

1844 ఫిబ్రవరి. దక్షిణాఫ్రికాలో మబోట్సా అనే ఊరి దగ్గర డేవిడ్ లివింగ్‌స్టన్ తుపాకీలో గుండ్లు దట్టించుకుంటున్నాడు. ఆయన మతబోధకుడు, చదువుకున్న వైద్యుడు కూడా. సింహాలు రాత్రిళ్లు ఆ ఊరి దొడ్లలోకి దూకి పశువుల్ని ఎత్తుకుపోతున్నాయి. సింహాల మందలో ఒక్కదాన్ని చంపితే మిగతావి తావు మారుస్తాయని అక్కడివాళ్ల అనుభవం. అందుకే ఊరంతా కదిలింది, ఈయనా వెళ్లాడు.

పొద ఉంది, పొద వెనక రాయి మీద సింహం ఉంది. ముప్పై గజాల నుంచి రెండు గుండ్లూ పేల్చాడు. "తగిలింది, తగిలింది!" అని జనం కేకలు. ఆయనకు మాత్రం పొద వెనక నిక్కి నిలబడ్డ తోక కనిపించింది. "ఆగండి, మళ్లీ దట్టించనివ్వండి" అన్నాడు. తుపాకీ గొట్టంలోకి గుండ్లు కూరుతుండగా ఎవరో అరిచారు. తల తిప్పేసరికి సింహం గాల్లో ఉంది.

భుజం పట్టుకుంది. ఇద్దరూ కింద పడ్డారు. కుక్క ఎలుకను పట్టి విదిలిస్తుంది చూడండి, అలా విదిలించింది.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. ఆ విదిలింపుకు తనకు ఒకలాంటి మగత కమ్మిందని లివింగ్‌స్టన్ తర్వాత రాసుకున్నాడు. స్పృహ ఉంది, జరుగుతున్నదంతా తెలుస్తోంది. కానీ నొప్పి లేదు, భయం లేదు. జబ్బ ఎముక పిండి పిండి అవుతోంది, అయినా నొప్పి లేదు.

సింహం పంజా తల వెనక ఆనించి ఉంది. ఆ బరువు తప్పించుకోవాలని కాస్త ఒత్తిగిలితే, దాని చూపు ఎటో ఉంది. మెబాల్వే అనే స్థానిక ఉపాధ్యాయుడు పదీ పదిహేను గజాల్లో నిలబడి తుపాకీ ఎక్కుపెట్టాడు. అది చెకుముకిరాయి తుపాకీ. రెండు గొట్టాలూ పేలలేదు. సింహం లివింగ్‌స్టన్‌ని వదిలి మెబాల్వే తొడ పట్టుకుంది. ఇంకొకాయన బల్లెంతో వచ్చాడు, ఆయన భుజం పట్టుకుంది. అప్పటికి మొదటి గుండ్లు పనిచేసి అది కూలిపోయింది.

కథ ఇక్కడితో అయిపోయిందని అనుకుంటాం. నా దృష్టిలో అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ముగ్గురు మనుషులు, మూడు కాట్లు, జంతువు చచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి?

జంతువు ఎదురైనప్పుడు ఏం చెయ్యాలో చాలామంది చెప్పగలరు. నేనూ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పరిగెత్తొద్దు, పరుగు చూస్తే తరమాలనిపించడం వాటి గుణం. పులి, చిరుత, సింహం లాంటివైతే వీపు చూపకుండా, నిటారుగా, చేతులెత్తి అరుస్తూ మెల్లగా వెనక్కి నడవండి. మీద పడితే మెడ కాపాడుకుంటూ తిరగబడండి, వాటి గురి మెడే. పిల్లల్ని కాచుకోవడానికి మీద పడ్డ గోధుమరంగు ఎలుగుబంటైతే తిరగబడొద్దు. బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లూ మెడ వెనక పెనవేసి, కాళ్లు ఎడంగా పెట్టి కదలకుండా ఉండండి. అది వెళ్లిపోయాక కూడా కొన్ని నిమిషాలు లేవొద్దు, లేస్తే తిరిగొస్తుంది. మొసలి పట్టుకుంటే కళ్లలో పొడవండి. అంతే.

ఇదంతా కొన్ని క్షణాల వ్యవహారం. ఆ తర్వాత వచ్చే పది నిమిషాల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ పూట దాని గురించే.

మొదట ఆ చోటు వదలండి. గాయపడ్డ మనిషిని మోసుకునో, ఈడ్చుకునో వాహనంలోకో, తలుపున్న గదిలోకో, నలుగురున్న చోటికో చేర్చండి. "తగిలింది, తగిలింది" అన్న కేకలు గుర్తున్నాయి కదా. జంతువు చచ్చిందనుకుని దగ్గరకు వెళ్లడంలోనే రెండో మనిషి దెబ్బతింటాడు.

తర్వాత చేత్తో వెతకండి. నొప్పిని అడక్కండి, చేత్తో వెతకండి. ఇది రెండుసార్లు కావాలనే అంటున్నాను. లివింగ్‌స్టన్‌కి నొప్పి తెలియలేదు. మీ పక్కనున్న మనిషికీ తెలియకపోవచ్చు. "నాకేం కాలేదు, చెయ్యి కాస్త గీసుకుంది" అంటాడు, తొడ వెనక నుంచి నెత్తురు కారిపోతుంటుంది. ముదురు రంగు బట్టల మీద నెత్తురు కనిపించదు, నీళ్ల తడిలాగే ఉంటుంది. అందుకని రెండు చేతులూ మెడ చుట్టూ, చంకల్లో, వీపు కింద, గజ్జల్లో, తొడల వెనక పోనిచ్చి, ప్రతిసారీ అరచేతులు చూసుకోండి. తలలో వేళ్లు పెట్టి జుట్టు పాయలు పాయలుగా విడదీయండి. కోరపన్ను దిగిన రంధ్రం పైకి బఠాణీ గింజంత ఉంటుంది, లోపల వేలంత లోతు ఉంటుంది. జుట్టు దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. పసిపిల్లల్లో పుర్రె పలుచన, ఆ పన్ను లోపలికీ దిగి ఉండొచ్చు. మెడ మీద కాటుంటే తల, మెడ కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకుని ఉండాలి.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్ల నెత్తురు. తొడ ధమని తెగితే అయిదు నిమిషాల్లోపే ప్రాణం పోవచ్చు. అంబులెన్సు కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే దాటిపోయే సమయమది. ఆపాల్సింది పక్కనున్నవాళ్లే.

చేతికో కాలికో అయితే టూర్నికే, అంటే ధమనిని నొక్కి నెత్తురు ఆపే బిగింపు కట్టు, వెయ్యాలి. గాయానికి పైన, గుండె వైపు, నాలుగు వేళ్ల ఎడంలో. మోకాలు, మోచేయి కీళ్ల మీద వెయ్యకూడదు. మడిచిన గుడ్డ కనీసం మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. రెండు చుట్లు చుట్టి ఒక ముడి వెయ్యండి. ముడి మీద జానెడు పొడవు, బొటనవేలంత లావున్న గట్టి కర్ర పెట్టి, దాని మీద మరో ముడి వెయ్యండి. ఇప్పుడు కర్రను తిప్పండి. నెత్తురు ఆగేదాకా తిప్పండి. ఆగాక కర్ర వెనక్కి తిరక్కుండా దాని కొనను మరో గుడ్డతో కట్టేయండి.

ఇది ఎక్కడెక్కడ చెడుతుందో చెబుతాను, చెడేది కూడా దాదాపు ఎప్పుడూ ఈ చోట్లే. పెన్సిలో, ఎండుపుల్లో పెడతారు, రెండో తిప్పుకే విరిగిపోతుంది. సన్నటి తాడో, బూటు లేసో, తీగో కడతారు, అది చర్మాన్ని కోస్తుంది తప్ప ధమనిని నొక్కదు. మనిషి అరుస్తున్నాడని జాలిపడి సగం బిగించి వదిలేస్తారు. ఈ జాలి చాలా ప్రమాదం. సగం బిగింపుతో పైపైన ఉండే సిరలు మూసుకుంటాయి, లోపలి ధమని మూసుకోదు. అంటే నెత్తురు కాలిలోకి వస్తూనే ఉంటుంది, తిరిగి గుండెకు వెళ్లే దారి మాత్రం ఉండదు. గాయం మరింత కారుతుంది. సరిగ్గా బిగించిన కట్టు తప్పకుండా నొప్పెడుతుంది, నొప్పెట్టిందంటే తప్పు చేశారని కాదు. ఒకటి చాలకపోతే దానికి పైన రెండోది వెయ్యండి.

వేసిన సమయం ఎక్కడైనా రాయండి, నుదుటి మీదైనా సరే. రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరితే ఆ అవయవానికి సాధారణంగా ఢోకా ఉండదు. మధ్యలో "ఒకసారి చూద్దాం" అని వదులు చెయ్యొద్దు. గడ్డకట్టిన నెత్తురు కొట్టుకుపోయి కథ మొదటికొస్తుంది, ఈసారి ఒంట్లో అంత నెత్తురు మిగిలి ఉండదు.

చంక, గజ్జ, భుజం, మెడ, వీటికి టూర్నికే కుదరదు. అక్కడ గుడ్డను గాయంలోకే కూరాలి. పైన పరచడం కాదు, వేలితో లోపలికి, నెత్తురు ఎక్కడ నుంచి ఊరుతోందో అక్కడి దాకా. గుంత నిండాక రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వేసి నొక్కండి. పది నిమిషాలు. గడియారం చూసి పది నిమిషాలు, ఎందుకంటే అలా నొక్కి కూర్చున్న మనిషికి రెండు నిమిషాలే పదిలా అనిపిస్తాయి. మధ్యలో ఎత్తి చూడొద్దు. గుడ్డ తడిస్తే తియ్యకుండా దాని మీదే ఇంకోటి పెట్టండి. మెడకైతే గాయమున్న వైపే నొక్కండి, మెడ చుట్టూ కట్టు కట్టొద్దు. ఎలుగుబంటి పంజాకు నెత్తి మీది చర్మం లేచిపోతే భయపడొద్దు. ఆ పొరను మెల్లగా యథాస్థానంలో పరిచి పైనుంచి నొక్కండి, వైద్యులు దాన్ని తిరిగి కుట్టగలరు.

నెత్తురు పోయిన మనిషి ఎండలో ఉన్నా చల్లబడిపోతాడు. ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టడం మందగిస్తుంది. కింద ఏదైనా పరచండి, పైన కప్పండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, ఆపరేషన్ పడొచ్చు.

ఇక లివింగ్‌స్టన్ కోటు సంగతి. ఆ రోజు ఆయన గళ్ల ఉన్ని కోటు వేసుకున్నాడు. కోరల మీది విషాన్ని ఆ కోటు తుడిచేసిందనీ, అందుకే తోటివాళ్లిద్దరి గాయాలూ సలిపినంతగా తనది సలపలేదనీ ఆయన నమ్మకం. భుజం కొరికించుకున్నాయనకు ఏడాది తిరిగి అదే నెల వచ్చేసరికి గాయం మళ్లీ పగిలిందట. సూక్ష్మజీవుల సంగతి ఇంకా ఎవరికీ సరిగా తెలియని రోజుల్లో ఇది చిన్న గమనింపు కాదు. బట్ట మీదుగా పడ్డ కాటులోకి లాలాజలం తక్కువే దిగుతుంది. కాకపోతే కోరతో పాటు బట్ట పీలికలు కూడా లోపలికి పోతాయి, అవి ఉండిపోతే చీము పడుతుంది. అందుకే చిరిగిన బట్టలు పారేయకుండా వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి. ఎంత ముక్క ఊడిందో తెలిస్తే లోపల వెతకాల్సిందేమిటో ఆయనకు తెలుస్తుంది.

నెత్తురు ధారగా కారని గాయాల్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. గుడ్డ కూరిన గాయాన్ని, టూర్నికే వేసిన గాయాన్ని కదపొద్దు. ఏ పొడీ, ఏ పసరూ, ఏ నూనే వెయ్యొద్దు. ఆసుపత్రిలో ధనుర్వాతం ఇంజెక్షన్, యాంటీబయోటిక్ ఇస్తారు. కరిచింది పాలిచ్చే జంతువైతే రేబిస్ వ్యాక్సిన్ ఆ రోజే మొదలవ్వాలి, తర్వాతి డోసుల తేదీలు తప్పకూడదు. దాంతో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందును గాయంలోను, చుట్టూరా ఎక్కిస్తారు. అది ఇచ్చారా అని మీరే అడగండి. మొసలి కాటుకు రేబిస్ భయం లేదు, బురదనీటి సూక్ష్మజీవుల భయం చాలా ఉంది. ముఖం మీదివి తప్ప లోతైన కాట్లను వెంటనే కుట్టకపోతే "పట్టించుకోవడం లేదు" అని గొడవ పడకండి. సూక్ష్మజీవుల్ని లోపలేసి కుట్టేస్తే చీము బయటికి రాదు, అందుకే కొన్ని రోజులు తెరిచి ఉంచుతారు.

ఎముక విరిగినచోట పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా బద్ద కట్టండి. జబ్బ విరిగితే చేతిని ఛాతీకి ఆనించి ఒంటితో కలిపి కట్టెయ్యడం తేలిక. చీము పట్టి, కదలికా ఉన్న ఎముక సరిగా అతకదు. విరిగిన రెండు కొనలూ విడివిడిగానే మాని, కీలు లేనిచోట కీలులా ఆడుతుంటాయి.

లివింగ్‌స్టన్‌కి అదే జరిగింది. ఎడమ జబ్బ మీద పదకొండు పంటి గాట్లు, ఎముకలో దొంగకీలు. ఆ చేతితోనే ఇంకో ముప్పై ఏళ్లు ఆఫ్రికా అంతా తిరిగాడు. 1873లో ఇప్పటి జాంబియాలో చనిపోయాడు. అనుచరులు ఆ దేహాన్ని ఎండబెట్టి, చెట్టు బెరడులో చుట్టి, వెయ్యి మైళ్లకు పైగా సముద్రం దాకా మోశారు. 1874 ఏప్రిల్‌లో అది లండన్ చేరేసరికి ముఖం పోల్చుకునేలా లేదు. సర్ విలియం ఫెర్గూసన్ అనే శస్త్రవైద్యుడు ఎడమ జబ్బ తడిమి చూశాడు. అతకని ఆ ఎముక చేతికి తగిలింది. "ఈయనే" అన్నాడు.

నమస్కారం.