మొదటి మీటింగ్‌కి వెళ్లేముందు

శ్రోతలకు నమస్కారం.

తాగుడు మానాలనుకునే మనిషికి సలహాల కొదవ ఉండదు. ‘గట్టిగా అనుకుంటే మానలేవా?’ అని ఇంట్లో అంటారు, ఆఫీసులో అంటారు. ఆ మాట వినపడని చోటు ఒకటుంది. తాగుడు మానేసినవాళ్లు, మానాలని తంటాలు పడుతున్నవాళ్లు కలిసి కూర్చునే మీటింగ్ అది. అక్కడున్నవాళ్లంతా ఎన్నోసార్లు గట్టిగా అనుకుని, ఓడిపోయి వచ్చినవాళ్లే మరి.

ఈ మీటింగులు ఎలా మొదలయ్యాయో కాస్త చెప్పాలి. అవి పనిచేసే కిటుకు అందులోనే ఉంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన న్యూయార్క్ నుంచి అమెరికాలోనే ఆక్రన్ అనే ఊరికి వ్యాపారం పని మీద వెళ్లాడు. పని బెడిసికొట్టింది. మందు మానేసి అప్పటికి అయిదు నెలలే. హోటల్ లాబీలో నిలబడితే బార్ సందడి వినిపిస్తోంది, మనసు అటు లాగుతోంది. అక్కడే ఉన్న చర్చిల జాబితా చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. తనలాంటి తాగుబోతు ఇంకొకడు దొరికితే మాట్లాడాలి, అంతే ఆయన కోరిక. అలా దొరికినవాడు బాబ్ స్మిత్, వృత్తిరీత్యా సర్జన్. పదిహేను నిమిషాలుండి వెళ్లిపోదామని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. మందు చేసే హాని ఆయనకు ఒకరు చెప్పాలా? ఎదుటివాడు నీతులు చెప్పకుండా తన గోడు తాను చెప్పుకోవడమే ఆయన్ని కట్టిపడేసింది. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఈ మీటింగులు నడిపే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ, పుట్టినరోజుగా లెక్కిస్తారు.

బిల్ ఆ ఫోన్లు చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు, తాను తాగకుండా ఉండటానికి. అందుకే కొత్తగా వెళ్లేవాళ్లు ‘వాళ్లకి బరువవుతానేమో’ అని మొహమాటపడక్కర్లేదు. మీ అవసరం వాళ్లకీ ఉంది.

మీటింగ్ ఎక్కడుందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. ఏఏ వెబ్‌సైట్లో గానీ, వాళ్ల ఫోన్ లైన్లో గానీ అడగొచ్చు. డీఅడిక్షన్ చూసే డాక్టర్లకూ తెలిసి ఉంటుంది. గడప దాటే ధైర్యం చాలకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి, కెమెరా ఆపేసి వినొచ్చు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి. అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నదీ చూడండి. ఓపెన్ అంటే ఇంట్లోవాళ్లూ రావచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకే. చేరడానికి ఉన్న షరతు కూడా ఆ కోరిక ఒక్కటే. ఫీజు లేదు. ఖర్చులకి చందా తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

లోపల ఏం జరుగుతుందంటే, ఒకరు ఏదో చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెబుతారు. సాధారణంగా మధ్యలో ఎవరూ అడ్డుపడరు, తీర్పులు చెప్పరు. మీ వంతు వస్తే ‘ఈ రోజు వింటానండీ’ అంటే చాలు. ఇంటిపేరు ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు పని మీటింగ్ అయ్యాక మొదలవుతుంది. తలుపు దగ్గర నిలబడి మాట్లాడుకునే ఆ కాసేపట్లో ఒకరిద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఆ నంబరుకి తాగాక కాదు, తాగాలనిపించినప్పుడు చేయాలి. కొన్నాళ్లకి వాళ్లలోనే ఒకరు స్పాన్సర్‌గా కుదురుతారు, అంటే మానేసిన దారిలో మీకన్నా ముందు నడిచిన మనిషి.

అన్ని గ్రూపులూ ఒకలా ఉండవు. ఒక్క మీటింగ్ నచ్చలేదని మొత్తానికే మానేయడం తొందరపాటు, నాలుగైదు చోట్ల కూర్చుని చూడాలి. ఏఏలో దేవుడి ప్రస్తావన వస్తుంది. ‘మనకు అర్థమైన రీతిలో దేవుడు’ అని వాళ్లే సడలింపు ఇచ్చుకున్నారు. అయినా ఇబ్బందిగా ఉంటే స్మార్ట్ రికవరీ ఉంది. 1994లో మొదలైన ఈ సంస్థ ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే పద్ధతులు నేర్పుతుంది. ఎవరైనా అప్పు అడిగినా, మరీ చనువు తీసుకున్నా, డాక్టరిచ్చిన మాత్రలు మానేయమన్నా దూరంగా జరగండి. అలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. కాబట్టి ముందు డాక్టర్ని కలవండి. మీటింగ్ వైద్యానికి బదులు కాదు, రెండూ కలిసి నడవాలి. అలాగని మీటింగుల్ని చిన్నచూపు చూడకండి. వైద్య పరిశోధనల్ని కలిపి సరిచూసే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను పరిశీలించింది. ఏఏతో, దానికి అనుసంధానించే చికిత్సలతో మందుకి పూర్తిగా దూరంగా ఉండగలిగినవాళ్లు తక్కిన చికిత్సలతో పోలిస్తే ఎక్కువేనని తేల్చింది.

మానేసినవాళ్లు మళ్లీ తాగితే? మళ్లీ మీటింగ్‌కి వెళ్లడమే. ‘మొహం ఎలా చూపించను’ అనుకుంటారు గానీ, అక్కడ ఆ అనుభవం లేనివాళ్లు తక్కువ.

ఇక, తాగేది మీరు కాకపోయినా ఇంట్లో ఆ నరకం చూస్తున్నది మీరే కావచ్చు. బిల్ భార్య లోయిస్ 1951లో అల్-అనాన్ అనే, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల మీటింగుల సంస్థని స్థాపించడంలో ముందున్నది అలాంటివాళ్ల కోసమే. ఇంట్లో తాగే మనిషి మానేదాకా మీరు ఆగక్కర్లేదు. ఆ మనిషి ఏ మీటింగ్‌కీ రానన్నా మీరు వెళ్లొచ్చు. సెలవు, నమస్కారం.